బరంపురం నుంచి హైదరాబాద్ వెళ్తున్నాం, పిల్లలకు స్టేజీ నాటకం చూపించాలి. మన ఇంటి తెలుగు మాత్రమే వచ్చిన పిల్లలకు అర్థమవుతుందా?

బరంపురం అమ్మ:

నమస్కారం అండీ. మాది బరంపురం, గేట్ బజార్ దగ్గర. వచ్చే నెల హైదరాబాద్‌లో మా తమ్ముడి గృహప్రవేశం. మియాపూర్‌లో ఫ్లాట్ కొన్నాడు. ఫంక్షన్ గురువారం, మాకు తిరుగు రైలు సోమవారం. మధ్యలో శని, ఆదివారాలు ఉన్నాయి. ఒకరోజు పిల్లల్ని ఫిల్మ్ సిటీకి తీసుకెళ్తానని తమ్ముడు అంటున్నాడు, తీసుకెళ్లనీ. నాకు మాత్రం ఒక సాయంత్రం కావాలి. పిల్లలకు పెద్ద స్టేజీ మీద తెలుగు నాటకం చూపించాలి. అమ్మాయికి తొమ్మిదేళ్లు, అబ్బాయికి ఐదు నిండాయి. మా అత్తయ్య కూడా వస్తున్నారు.

మా నాన్న పద్య నాటకాలు ఆడేవారు. పగలు పట్టుచీరల షాపులో లెక్కలు రాసేవారు, రాత్రిళ్లు రిహార్సల్స్. ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి, ఎక్కడ పిలిస్తే అక్కడికి ట్రంకు పెట్టె పట్టుకుని వెళ్లేవారు. ఎక్కువగా భీముడి వేషం. పోయినేడాది కాలం చేశారు. సంక్రాంతికి అటక దులుపుతుంటే ఆ పెట్టె కిందికి దిగింది. లోపల అట్ట కిరీటం, పూసల దండలు, గుడ్డలో కొబ్బరి పీచు కుక్కి కుట్టిన గద. మా అమ్మాయి కిరీటం చేతిలోకి తీసుకుని, "అమ్మా, అజా ఠాకురాణీ యాత్రలో వేషం వేసేవాడా?" అని అడిగింది. మా పిల్లలు మా నాన్నని అజా అనే పిలిచేవారు, వీధిలో ఒడియా పిల్లలతో కలిసి అలా అలవాటైంది.

దాని తప్పేమీ లేదు. దానికి తెలిసిన కిరీటం అదే. రెండేళ్లకోసారి మా ఊరి అమ్మవారు బూఢీ ఠాకురాణీ గుడి వదిలి పుట్టింటికి వచ్చిన రోజుల్లో మా ఊళ్లో ఏ సందులో చూసినా వేషాలే. నాటకం అంటే ఏమిటో చెప్పబోయాను. తెర, హార్మోనియం, పద్యం, చప్పట్లు కొట్టి మళ్లీ పాడించుకోవడం, అన్నీ చెప్పాను. బుద్ధిగా వింది గానీ దాని కళ్ల ముందు ఏమీ కట్టలేదు. ఇది చూపించాల్సిందే అనిపించింది.

నా భయాలు ఇవి. పిల్లలు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, కానీ సగం ఒడియా కలుస్తుంది. బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. ఇక పద్యం ఎక్కడ అర్థమవుతుంది? రెండోది అబ్బాయి సంగతి. పోయిన యాత్రలో పులి వేషం కట్టినాయన ఆడుతూ ఆడుతూ వాడి మొహం దాకా వచ్చాడు. ఆ రాత్రి వాడికి జ్వరం వచ్చింది. ఇప్పటికీ డప్పు వినిపిస్తే నా కొంగులో దూరిపోతాడు. హాల్లో దీపాలు ఆర్పేస్తే ఏం చేస్తాడో అని టెన్షన్‌గా ఉంది. అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కలేరు. ఆ వారంలో ఏ నాటకం ఉందో ఎలా తెలుసుకోవాలో కూడా తెలియదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

రాయగడ కిరాణా:

అమ్మా, మీ పోస్టు రాత్రి షాపు కట్టేసి వచ్చాక చదివాను. ఆ శని, ఆదివారాల్లో సురభి వాళ్ల 'మాయాబజార్' ఉంటే ఇంకేమీ ఆలోచించకండి, వెళ్లిపోండి. నేను మూడేళ్ల కిందట మా పెద్దవాణ్ణి తీసుకెళ్లాను. అప్పుడు వాడికి ఆరేళ్లు.

సురభి అంటే కడప జిల్లాలో ఒక ఊరు. 1885లో అక్కడ 'కీచక వధ' ఆడారు, ఆ ఊరి పేరే సమాజానికి పేరైంది. కుటుంబమే నాటక సమాజం. తాత రాజు వేషం కడితే మనవడు బాలకృష్ణుడు. ఆడవేషాలు మగవాళ్లే కట్టే కాలంలోనే వాళ్ల ఇళ్లలో ఆడవాళ్లు స్టేజీ ఎక్కారు. తర్వాత అది చాలా సమాజాలుగా విడిపోయింది. ఇప్పుడు హైదరాబాద్‌లో మీరు చూడగలిగే శ్రీ వెంకటేశ్వర నాట్య మండలి ఎక్కడ పుట్టిందో తెలుసా? మన జిమిడిపేటలో, 1937లో. రాయగడ నుంచి పార్వతీపురం వెళ్లే దారిలో వచ్చే చిన్న స్టేషన్. మా మేనత్త ఊరికి వెళ్లాలంటే అదే దారి. ఆ సంగతి తెలిశాక రైలు అక్కడ ఆగిన ప్రతిసారీ నేను కిటికీలోంచి ప్లాట్‌ఫాం వంక చూస్తాను. మన సరిహద్దు నుంచి వెళ్లినవాళ్లే అక్కడ ఆడుతున్నారు, మీ పిల్లలకు అది పరాయిది కాదు.

ఇక పద్యం అర్థం కావడం గురించి. మావాడు బడిలో ఒడియానే చదువుతాడు. నేను రైల్లో వాడికి కథంతా చెప్పాను. శశిరేఖ ఎవరు, అభిమన్యుడు ఎవరు, పెళ్లి ఎందుకు చెడింది, ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో వెళ్లి ఏం చేస్తాడు, ఇవన్నీ. లడ్డూల సంగతి మాత్రం దాచిపెట్టాను. హాల్లో పద్యం వచ్చినప్పుడల్లా వాడు నా వైపు తిరిగి "ఇప్పుడు కోపమా, ఏడుపా?" అని అడిగాడు. రెండుసార్లు చెప్పాను. మూడోసారి వాడే "ఇది కోపం" అన్నాడు. రాగంలోనే తెలిసిపోయింది వాడికి. తర్వాత లడ్డూలు పళ్లెంలోంచి లేచి గాల్లో ఎగురుకుంటూ ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లాయి. మావాడు సీటు మీద నిలబడిపోయాడు. బయటికి వచ్చాక "నాన్నా, నాకు తీగ కనిపించింది" అన్నాడు. నా మనసు చివుక్కుమంది. వాడు ఆగి, "అయినా తీగ లాగేవాడికి ఆయన నోరు ఎక్కడుందో చీకట్లో ఎలా తెలుస్తుంది?" అని అడిగాడు. ఇంటికి వచ్చేదాకా అదే ప్రశ్న.

ఇంకొక్క మాట. మీ నాన్నగారు భీముడి వేషం కట్టేవారన్నారు కదా. ఘటోత్కచుడు భీముడి కొడుకు. మీ అబ్బాయికి ముందే ఈ చుట్టరికం చెప్పండి. పెద్ద జుట్టు, కోరలు పెట్టుకుని ఒకాయన వస్తాడు, ఆయన మీ అజా కొడుకు, నీకు మామయ్య అవుతాడు అని చెప్పండి.

పర్లాకిమిడి మాస్టారు:

అమ్మా, నేను ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకు పాఠం చెప్పినవాణ్ణి. కొంచెం కఠినంగా అనిపించినా నా అభిప్రాయం చెప్తాను. అమ్మాయిని తప్పకుండా తీసుకెళ్లండి. ఐదేళ్ల వాణ్ణి మాత్రం ఇంట్లో ఉంచండి. సినిమా తెర మీది మనిషికి పిల్లాడి ఏడుపు వినపడదు. స్టేజీ మీది మనిషికి వినపడుతుంది. ఆయన పద్యం ఎత్తుకుని పైస్థాయిలో ఉన్నప్పుడు ఐదో వరసలో పిల్లాడు కేక పెడితే ఆ ఊపిరి తెగిపోతుంది. మీ నాన్నగారు నటులు కాబట్టి ఈ మాట మీకు చెప్పక్కర్లేదు. పైగా భయపడిన పిల్లాణ్ణి మళ్లీ చీకటి హాల్లో కూర్చోబెడితే ఆ భయం గట్టిపడుతుంది. ముందు వాడికి పగటి వెలుగులో, ఆరుబయట, బొమ్మలాట లాంటిది చూపించండి.

భాష గురించి రాయగడ ఆయన చెప్పినదానితో పూర్తిగా ఏకీభవిస్తాను. గంజాం పల్లెల్లో ప్రహ్లాద నాటకం చూసిన పిల్లలు ఆ పాటల్లో సంస్కృతం ఎంత, ఒడియా ఎంత, తెలుగు రాగం ఎంత అని లెక్కపెట్టారా? మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తు మీద నుంచి హిరణ్యకశిపుడు దిగుతుంటే ఊరంతా నిద్ర మానుకుని చూసేది. నరసింహుడి ముఖానికి పూజ చేసిన తర్వాతే అది ధరించేవారు. నేను ఏడో ఏట చూశాను. ఇప్పటికీ ఆ మెట్ల మీద ఆ అడుగుల చప్పుడు చెవుల్లో ఉంది.

సిరొంచ ఆడపడుచు:

మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, చిన్నవాణ్ణి వదిలేసి వెళ్లమనకండి. అక్క నాటకం చూసి వచ్చి ఇంట్లో చెప్తుంటే వాడు ఆ మాటల్లోంచి ఇంకా పెద్ద భూతాన్ని తయారుచేసుకుంటాడు.

మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. నేను పెళ్లయ్యాక ఠాణేలో ఉంటున్నాను. మహారాష్ట్రలో పిల్లల నాటకాన్ని బాలనాట్యం అంటారు, దాన్ని పెద్దల నాటకంతో సమానంగా చూస్తారు. 1959లోనే సుధా కర్మార్కర్ ముంబైలో పిల్లల కోసమే లిటిల్ థియేటర్ పెట్టారు. రత్నాకర్ మత్కరీ రాసిన 'అల్బత్యా గల్బత్యా' 2018లో మళ్లీ స్టేజీ ఎక్కినప్పుడు హాళ్లు నిండిపోయాయి. అందులో చేట్కీణ్, అంటే మంత్రగత్తె, ముసలి వేషం. అది కట్టింది మగ నటుడు. సెలవులకు మంచిర్యాల నుంచి వచ్చిన మా అక్క పిల్లల్ని నేను దానికే తీసుకెళ్లాను. వాళ్లకు మరాఠీ ముక్క రాదు. మొదటి పది నిమిషాలు "పిన్నీ, ఏమంటోంది?" అని చెరో చెవిలో అడిగారు. తర్వాత హాల్లో మూడొందల మంది పిల్లలు ఒక్కసారిగా అరిచారు, మంత్రగత్తె వెనక నుంచి వస్తోంది చూసుకో అని. మావాళ్లు తెలుగులో అరిచారు. ఎవరూ ఏమీ అనలేదు. పిల్లల నాటకంలో ఆ అరుపులు కూడా ఆటలో భాగమే, నటులు ఆగి వాటికి జవాబు చెప్తారు.

అయితే మాస్టారు చెప్పినదాంట్లో నిజం ఉంది. జుహూలో పృథ్వీ థియేటర్ అని ఉంది, 1978లో తెరిచారు. చిన్న హాలు, నటుడు చెయ్యి చాస్తే అందేటంత దగ్గర. ఆలస్యంగా వస్తే లోపలికి పంపరు. అక్కడ పసిపిల్ల ఏడిస్తే నిజంగానే అందరికీ ఇబ్బంది. కాబట్టి అక్కా, చివరి సీటు తీసుకోండి, నడిచే దారి పక్కన. వాడు మొహం దాచుకుంటే దాచుకోనివ్వండి. చెవులు మూసుకుంటే మూసుకోనివ్వండి. ఏడుపు మొదలైతే ఎత్తుకుని బయటికి వచ్చేయండి, కాసేపాగి "వెళ్దామా?" అని వాణ్ణే అడగండి. మా అక్క కొడుకు అలా రెండుసార్లు బయటికి వచ్చి మూడోసారి తనే నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్లాడు.

గుణుపురం టు లింగంపల్లి:

నేను గుణుపురం అబ్బాయిని. హైదరాబాద్‌లో ఉద్యోగం, సెలవు రోజుల్లో నాటకాలకు లైట్లు వేస్తాను. కాబట్టి అక్కా, దారి సంగతీ చీకటి సంగతీ నేను చెప్తాను.

మీరు దిగేది మియాపూర్‌లో కాబట్టి రవీంద్రభారతికి మెట్రో నేరుగా ఉంది, రైలు మారక్కర్లేదు. మియాపూర్‌లో ఎక్కి అసెంబ్లీ స్టేషన్‌లో దిగండి. స్టేషన్లలో లిఫ్ట్ ఉంటుంది, అత్తయ్యగారికి ఇబ్బంది ఉండదు. రవీంద్రభారతి 1961లో టాగోర్ శతజయంతికి కట్టిన హాలు, తెలుగు నాటకాలు ఎక్కువగా అక్కడే. చాలావాటికి టికెట్ ఉండదు, ముందు వచ్చినవాళ్లకు సీటు. ఆ వారం ఏముందో దినపత్రికల హైదరాబాద్ ఎడిషన్‌లో నగరంలో నేటి కార్యక్రమాల కాలమ్‌లో వస్తుంది, మీ తమ్ముణ్ణి రోజూ చూడమనండి. టికెట్ ఉన్నవి బుక్ మై షోలో దొరుకుతాయి. బంజారాహిల్స్‌లో లామకాన్ అని ఇంకో చోటు ఉంది, 2010 నుంచి నడుస్తోంది, ఆరుబయలు ముంగిలిలో చిన్న నాటకాలు, కథలు చెప్పడం. తెలుగు తక్కువ, హిందీ, ఇంగ్లీషు ఎక్కువ. మీరు అడుగుతున్నదానికి అది సరిపోదు.

ఆరింటికి నాటకం అని వేస్తే ముందు జ్యోతి ప్రజ్వలన, ప్రసంగాలు, శాలువాలు ఉంటాయి. పిల్లలు అప్పుడే అలసిపోతే తర్వాత నాటకం చూడలేరు. ఇద్దరికీ మధ్యాహ్నం నిద్ర, ఐదింటికి కడుపునిండా టిఫిన్. ప్రసంగాలు అయ్యేదాకా వరండాలో తిప్పండి, అత్తయ్యగారు లోపల సీట్లు కాపాడతారు.

ఇప్పుడు మీ అబ్బాయి. వీధిలో పులి వేషానికీ వాడికీ మధ్య అడ్డమేమీ లేదు. ఆయన ఎంత దగ్గరికి వస్తాడో, ఎప్పుడు ఆగుతాడో వాడికి తెలియదు. అందుకే అంత భయం. ఇక్కడ స్టేజీకి అంచు ఉంటుంది. లోపలికి వెళ్లగానే, లైట్లు ఇంకా వెలుగుతుండగానే, వాణ్ణి ఆ అంచు దాకా నడిపించి చూపించండి. "వాళ్లు ఇక్కడిదాకే వస్తారు" అని చెప్పండి. చేత్తో ముట్టుకోనివ్వండి. రంగం మారేటప్పుడు చీకటి చేసేది మేమే. తెర మార్చడానికి పట్టేది కొద్ది సెకన్లు. సురభి వాళ్లు అడవి తెర తీసి అంతఃపురం వేసే వేగం చూసి నేను ఎన్నోసార్లు ఆశ్చర్యపోయాను. చీకటి పడగానే వేళ్లు లెక్కపెట్టమనండి. పది వేళ్లూ అయ్యేలోపు వెలుతురు వస్తుంది. బాణాలు ఢీకొన్నప్పుడు నిప్పురవ్వలు, చప్పుడు ఉంటాయి. ఆ యుద్ధం రంగం ముందే చెవులు మూసుకోమని చెప్పండి. మరీ ముందు వరస వద్దు, ఏడెనిమిది వరసలు వెనక బాగుంటుంది.

బరంపురం అమ్మ:

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మాస్టారూ, మీ మాట రెండురోజులు ఆలోచించాను. వాణ్ణి తీసుకెళ్తాను, కానీ కేక పెట్టకముందే బయటికి తెస్తాను, అది మీకు మాట ఇస్తున్నాను. మా నాన్న ఒకసారి సోంపేటలో పద్యం మధ్యలో ఆగిపోవాల్సి వచ్చిందని ఇంటికి వచ్చి అన్నం మానేశారు. అది మర్చిపోలేదు నేను.

బరంపురం అమ్మ, మళ్లీ, ఆరు వారాల తర్వాత:

వెళ్లి వచ్చాం. శనివారం సాయంత్రం మాయాబజారే దొరికింది, మా అదృష్టం. మా తమ్ముడు పేపర్లో చూసి ఫోటో పంపాడు.

అబ్బాయికి రైల్లోనే చుట్టరికం చెప్పాను. హాల్లో స్టేజీ అంచు ముట్టుకున్నాడు, అటు నుంచి ఇటు చెక్క మీద చెయ్యి రాస్తూ నడిచాడు. మొదటి చీకటికి నా మెడ పట్టుకుని గట్టిగా వేళ్లు లెక్కపెట్టాడు, "ఏక, దుయి, తిని" అని ఒడియాలో. ఏడు దగ్గర వెలుగు వచ్చింది. ముందు వరస పెద్దాయన వెనక్కి తిరిగి నవ్వారు. ఘటోత్కచుడు రాగానే వాడు నా ఒళ్లో మొహం దాచుకున్నాడు. నేను లేచి బయటికి వెళ్లడానికి సిద్ధమయ్యాను. కాసేపటికి ఒక కన్ను తెరిచి, "మామయ్యేనా?" అన్నాడు. అవునన్నాను. ఇక చివరిదాకా ఘటోత్కచుడు వచ్చిన ప్రతిసారీ మెల్లగా "మామయ్య వచ్చాడు" అని అక్కకు చెప్తూనే ఉన్నాడు. యుద్ధం రంగంలో మాత్రం ఎత్తుకుని వరండాలోకి తెచ్చేశాను. మాస్టారూ, ఏడవలేదు.

అమ్మాయికి లడ్డూల కంటే హార్మోనియం ఆయన నచ్చాడు. ఆయన స్టేజీ వైపు చూస్తూనే వాయించాడని, నటుడు ఎంతసేపు లాగితే అంతసేపు ఆగాడని అది కనిపెట్టింది. "అజాకి కూడా ఇలా ఒకాయన ఉండేవాడా?" అంది. ఉండేవారు. పర్లాకిమిడి నుంచి వచ్చేవారు, మా ఇంట్లోనే పడుకునేవారు. ఆయన్ని నేను ఇన్నేళ్లూ తలుచుకోనే లేదు.

మా అత్తయ్య నాన్న నాటకాల గురించి ఎప్పుడూ ఏమీ అనేవారు కాదు. ఇష్టం లేదేమో అనుకునేదాన్ని. తిరిగి వచ్చేటప్పుడు మెట్రోలో మా అమ్మాయికి చెప్పడం మొదలుపెట్టారు. చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో నాటకం అంటే మధ్యాహ్నమే వెళ్లి చాపలు పరిచి చోటు పట్టుకునేవారట. పెట్రోమాక్స్ లైటు మసకబారితే నటుడు పద్యం ఆపకుండానే, ఒకతను స్టేజీ ఎక్కి పంపు కొట్టి దిగేవాడట. మియాపూర్ వచ్చేసినా ఆవిడ ఆపలేదు. ప్లాట్‌ఫాం మీద బెంచీ చూసి కూర్చుని మిగతాది చెప్పారు.

ఇప్పుడు ఇంకో సహాయం కావాలి. ఇంటికి రాగానే అమ్మాయి ట్రంకు పెట్టె తీయించింది. కిరీటం ఒక పక్క అట్ట విడిపోయింది, తళుకు కాగితం సగం రాలిపోయింది. తనే బాగుచేస్తానంటోంది. ఫెవికాల్ తెచ్చి పెట్టుకుంది. నాన్న చేత్తో అతికించినది పాడవుతుందేమో అని నేను ఆపాను. ఎలా చెయ్యాలి?

రాయగడ కిరాణా:

ఫెవికాల్ వద్దమ్మా, పాత అట్ట బిరుసెక్కి విరుగుతుంది. చింతగింజల జిగురు చేయండి. గింజలు నానబెట్టి పొట్టు తీసి, రుబ్బి, నీళ్లలో సన్నని సెగ మీద కలుపుతూ ఉడకబెట్టాలి. పట్టచిత్రాలు వేసేవాళ్లు గుడ్డకు పట్టించేది అదే. తళుకు కాగితానికి మీరు ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఠాకురాణీ యాత్రకు కిరీటాలు, ముఖాలు కట్టేవాళ్లు మీ ఊళ్లోనే ఉంటారు కదా. వాళ్లకు చూపించండి, పాతది తీయకుండా పైన ఎలా అతకాలో చెప్తారు.

బరంపురం అమ్మ:

పెద్ద బజార్ వెనక సందులో ఒకాయన చేస్తారని మావారు కనుక్కొచ్చారు. ఆదివారం కిరీటం పట్టుకుని వెళ్తున్నాం. ఆయన గోడకు పులి తలలు వేలాడుతుంటాయని అబ్బాయికి ముందే చెప్పాను. తనూ వస్తానన్నాడు. గుమ్మం ఎక్కడుందో చూపిస్తే అక్కడ నిలబడతానన్నాడు.